కట్టు తీగ

అమావాస్య నాడు ధర్మవరంలో మగ్గం చప్పుడు వినపడదు. ఆ రోజు రంగుల కొట్టంలో పొయ్యి కూడా అంటించరు. అందుకే శంకరప్ప తన కొట్టంలో కరెంటు పరీక్షకు ఆ రోజే రమ్మన్నాడు. పని ఆగకుండా పరీక్ష అయిపోతుందని ఆయన ఆలోచన.

సంజీవప్ప చంకలో గంట పెట్టె పెట్టుకుని వచ్చేసరికి కొట్టమంతా కడిగి ఉంది. చింతపండుతో తోమిన రాగి కొప్పెర ఇనుప చట్రం మీద బోసిగా కూర్చుని ఉంది. మామూలు రోజుల్లో కొప్పెరకు పైన రెండు కర్ర పంగల మీద ఇనుప కడ్డీ ఒకటి ఉంటుంది. పట్టు పోగుల కట్టల్ని, అంటే చిలపల్ని, దానికి వేలాడదీసి రంగులో ముంచుతారు. ఈ రోజు ఆ కడ్డీని దించి కడిగి, పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక కొస చట్రం మీద, ఇంకో కొస గోడ పక్కనున్న కొళాయి గొట్టం మీద ఆనించి పెట్టారు. అమావాస్య నాడు ఆ కడ్డీ నేలను తాకకూడదు. శంకరప్ప తాత కాలం నుంచీ ఆ ఇంట్లో అదే పద్ధతి. తాత కాలంలో కొళాయి లేదు కాబట్టి రెండో కొసకు ఒక రాయి ఉండేదట. కొళాయి వచ్చాక రాయి తీసేశారు.

కుళ్ళాయమ్మ గడప పక్కన కూర్చుని ఉంది. యాభై దాటిన మనిషి. పదకొండేళ్ళుగా ఆ కొప్పెర దగ్గర చిలపలు ముంచే పని ఆమెదే. మోచేతుల దాకా రంగు. అది ఎన్ని నీళ్ళు పోసినా పోదు. ఈ పరీక్ష ఆమె వల్లే వచ్చింది. మూడు రోజుల కిందట అరక్కు ఎరుపు రంగు వేస్తూ ఉన్నట్టుండి చెయ్యి వదిలేసింది. ఏడు చిలపలు జారి పొయ్యి నోట్లో పడి కమిలిపోయాయి. పెళ్ళి చీరల పట్టు అది. చెయ్యి తిమ్మిరెక్కిందని ఆమె చెప్పింది. వయసెక్కిందని శంకరప్ప అన్నాడు. మిగిలిన ఆడవాళ్ళలో ఎవరో, కరెంటేమో చూపించండి అన్నారు. హిందూపురంలో ఉండే ఈశ్వరప్ప మేస్త్రీకి కబురు పోయింది. ఆయన, నేను రానక్కర్లేదు, మావాడు ధర్మవరంలోనే ఉన్నాడు, వాడు చూస్తాడు అని చెప్పి పంపాడు.

మావాడంటే సంజీవప్పే. పని నేర్చుకోవడం మొదలుపెట్టి ఎనిమిది నెలలయింది. వచ్చే నెల వైర్‌మన్ పర్మిట్‌కి మేస్త్రీ సంతకం పెట్టి కాగితం పంపాలి.

అతను పుస్తకం తీశాడు. ఒక్కో పరీక్షకు ఒక్కో పుట. ప్రతి పుటలో మేస్త్రీ స్కేలు పెట్టి గీసిన గళ్ళు. మొదటి గడిలో ఊరు, రెండో గడిలో తేదీ, మూడో గడిలో షాకు ఉందా లేదా, నాలుగో గడిలో గంట మోగిందా లేదా.

"పెద్దమ్మా, కరెంటు కొట్టిందా నీకి?" అని అడిగాడు.

"కొట్టలే నాయనా. తిమ్మిరి."

"కొట్టిందో లేదో చెప్పు. కొడితే మనిషి ఎగిరి పడతాడు."

"ఎగిరి పడలే. చీమలు పాకినట్ల మోచేతి దాకా వస్తాది. వచ్చి ఆడే నిలబడిపోతాది. చెయ్యి నాదే, నా మాట ఇనదు."

శంకరప్ప నవ్వాడు. దాన్ని వాతమంటారనీ, తన అమ్మకూ ఉండేదనీ, నువ్వుల నూనె రాస్తే సరిపోతుందనీ చెప్పాడు. సంజీవప్ప మూడో గడిలో 'షాకు లేదు' అని రాశాడు. గుండ్రటి అక్షరాలు అతనివి. బడిలో అయ్యవారు మెచ్చుకునేవారు.

చట్రం కాలికి ఒక బోల్టు, కొళాయి గొట్టానికి ఒక పట్టీ ఉన్నాయి. ఆ రెంటినీ కలుపుతూ గోడ వెంట రాగి తీగ వెళుతుంది. ఆ పట్టీ దగ్గర్నించి మరో తీగ పెరట్లో ఉప్పూ బొగ్గులూ పోసి పూడ్చిన ఎర్తు గుంతలోకి దిగుతుంది. మొదటి తీగను ఈశ్వరప్ప కట్టు తీగ అంటాడు. ఒక గదిలో ఉన్న ఇనుమంతా ఒకే కట్టులో ఉండాలనీ, లేకపోతే యాడో ఒకచోట కరెంటు లీకయినప్పుడు ఒక ఇనుముకూ ఇంకో ఇనుముకూ మధ్య మనిషి ఇరుక్కుంటాడనీ ఆయన చెప్పిన మొదటి పాఠం. రెండో పాఠం, కట్టు తీగను పరీక్షించే ముందు ఒక కొస విప్పాలన్నది.

సంజీవప్ప స్పానరు తీసి చట్రం దగ్గర వంగాడు. బోల్టు మీద కూడా పసుపు పూసి కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"ఏమబ్బా, పూజ చేసినదానికి ఈ పొద్దు ఇనుము తగిలిస్తావా?" అన్నాడు శంకరప్ప. "ఇప్పకుండా చూసేకి రాదా?"

చూసేకి వస్తుందని సంజీవప్ప అన్నాడు. స్పానరు సంచిలో పెట్టేశాడు.

గంట పెట్టె ఈశ్వరప్ప చేసిందే. సబ్బుల చెక్కపెట్టెలో రెండు టార్చి సెల్లులు, ఒక కరెంటు గంట, బయటికి రెండు తీగలు. తీగల కొసలు రెండింటికీ మధ్య దారి ఉంటే గంట మోగుతుంది. దారి తెగితే మోగదు. సంజీవప్ప ఒక కొసను చట్రానికి తగిలించి, రెండో కొసను కొళాయి గొట్టానికి ఒత్తాడు. గంట మోగింది. ఖాళీ కొట్టంలో గట్టిగా మోగింది. గోడ మీద, నడుము ఎత్తులో, కట్టు తీగకు ఒక అతుకు ఉంది. పైన నల్ల టేపు చుట్టి ఉంది. అది అతను పనిలో చేరిన నెలలో వేసిన అతుకు. ముడి లేకుండా, ఉబ్బు లేకుండా రెండు తీగల్ని కలిపి పురి పెట్టిన అతుకు. పట్టు అతికినట్ల రాగి అతికినాడని మేస్త్రీ అప్పట్లో ఇద్దరు ముగ్గురికి చూపించాడు. సంజీవప్ప పోతూ పోతూ దాని మీద బొటనవేలు ఒకసారి రాశాడు. నాలుగో గడిలో 'మోగింది' అని రాశాడు.

"ఇంటివి గదా? రేపట్నించి రావొద్దు" అన్నాడు శంకరప్ప, గడప వైపు తిరిగి.

కుళ్ళాయమ్మ వింది. లేచి, కొప్పెర వెనక మేకుకు వేలాడుతున్న తన పాత తువ్వాలు తీసుకుంది. దాన్ని నాలుగు మడతలు పెట్టింది. మడత పెడుతున్నప్పుడు కుడిచేతి రెండు వేళ్ళు ముందుకు నిక్కి అలాగే ఉన్నాయి. వాటిని ఎడమ చేత్తో వంచి మడత పూర్తి చేసింది. సంజీవప్ప గంట పెట్టెకు తీగలు చుట్టుకుంటూ ఉండిపోయాడు.

*

ఆమె పెనుకొండలో ఉన్న తన అక్క ఈరక్క దగ్గరికి పోయిందని మర్నాడు నీళ్ళ దగ్గర ఆడవాళ్ళు అనుకుంటుంటే సంజీవప్ప విన్నాడు. విని బిందె ఎత్తుకుని ఇంటికి పోయాడు. ఆ రోజు రెండు ఇళ్ళలో స్విచ్చి బోర్డులు బిగించాడు. తర్వాతి రోజు ఒక రేడియోకి ప్లగ్గు పెట్టాడు. అన్నం తిన్నాడు, పడుకున్నాడు. ఏదో తప్పిపోయినట్టు అనిపించేది కాని ఏది తప్పిపోయిందో వెతకాలనిపించేది కాదు.

గురువారం శంకరప్ప మళ్ళీ పిలిపించాడు. కొప్పెర పైనున్న బల్బు ఆరుతూ వెలుగుతూ ఉందట. ఆ కొట్టంలో పట్టపగలు కూడా చీకటే. ఆవిరిలో రంగు ఏ మాత్రం పట్టిందో తెలియాలంటే బల్బు ఉండాలి. అందుకని దాన్ని చట్రానికే నిలబెట్టిన ఇనుప గొట్టానికి బిగించారు.

పొయ్యి మండుతోంది. కడ్డీ కర్ర పంగల మీద ఉంది, దానికి పచ్చ చిలపలు వేలాడుతున్నాయి. కుళ్ళాయమ్మ చోటులో హనుమమ్మ ఉంది. ఇరవై ఏళ్ళుంటాయి. ఎడమ చేతికి పొడిగుడ్డ చుట్టుకుని, చట్రానికి జానెడు దూరంలో నిలబడి, ఒళ్ళంతా ముందుకు వంచి ముంచుతోంది. అలా నిలబడితే నడుము పడిపోతుందని సంజీవప్ప అన్నాడు.

"చట్రం మీద చెయ్యి ఆనిచ్చొద్దని కుళ్ళాయమ్మత్త చెప్పి పోయింది" అంది ఆమె గొంతు తగ్గించి.

నీకూ ఏమైనా అనిపించిందా అని అతను అడిగాడు. వాకిట్లో శంకరప్ప తమలపాకులకు సున్నం రాస్తూ కూర్చున్నాడు. హనుమమ్మ అటు చూసింది.

"నాకేం లేదన్నా" అంది.

అతను బల్బు అందుకోవడానికి రాయి మీదికి ఎక్కాడు. పట్టు కోసం ఎడమ చేత్తో కొళాయి గొట్టం పట్టుకున్నాడు. కుడిచేతి వెనకవైపు చట్రానికి ఆనింది.

కొట్టలేదు. ఎగిరి పడలేదు. మణికట్టు దగ్గర మొదలై చీమలబారులా మోచేతి దాకా వచ్చింది. వచ్చి అక్కడే నిలబడింది. చెయ్యి తీసేయాలని అతనికి తెలుసు. తీసేయడానికి కొంత సేపు పట్టింది. దిగి, రాయి మీద కూర్చుని, మోకాలి మీద పెట్టుకుని ఆ చేతిని చూశాడు. దానికి ఇంకో పేరు అతనికి తోచలేదు. తిమ్మిరి.

మెయిన్ ఆపేశాడు. శంకరప్ప భోజనానికి ఇంట్లోకి పోయేదాకా బల్బు విప్పుతూ బిగిస్తూ గడిపాడు. పోయాక గంట పెట్టె తీసి ఒక కొస చట్రానికి, ఒక కొస కొళాయి గొట్టానికి పెట్టాడు. గంట మోగలేదు. సెల్లులు అయిపోయాయేమోనని రెండు కొసల్ని ఒకదానికొకటి తాకించాడు. మోగింది. చట్రం మీద తుప్పు గీకి మళ్ళీ పెట్టాడు. మోగలేదు. అమావాస్య నాడు మోగిన గంట అదే, తీగ అదే, తను పెట్టిన చోటూ అదే. కొట్టమంతా ఒకసారి చూశాడు. చిలపలు వేలాడుతున్న కడ్డీ దగ్గర చూపు ఆగింది.

హనుమమ్మ చేత చిలపలు తీయించి, కడ్డీని పంగల మీది నుంచి దించి, ఒక కొస చట్రం మీద, ఇంకో కొస గొట్టం మీద ఆనించాడు. గంట మోగింది. కడ్డీ ఎత్తాడు, ఆగింది. దించాడు, మోగింది. మళ్ళీ ఎత్తాడు, మళ్ళీ దించాడు.

"ఏందన్నా, ఆడుకుంటాండావా?" అంది హనుమమ్మ.

ఆ రోజు గంట మోగింది కడ్డీ వల్ల. కట్టు తీగ వల్ల కాదు. బల్బు తీగ పైతోలు ఆవిరికి కుళ్ళి చట్రానికి తగులుతోంది. కట్టు తీగ బాగుంటే ఆ కరెంటు గుంతలోకి పోయేది. బాగా లేదు కాబట్టి మనిషిలోంచి పోతోంది. పనిరోజుల్లో కడ్డీ పంగల మీద ఉంటుంది, ఆ రోజుల్లో చీమలు పాకుతాయి. పరీక్ష రోజు కడ్డీ పూజలో ఉంటుంది, ఆ రోజు గంట మోగుతుంది. ఒక కొస విప్పి ఉంటే ఇదంతా అప్పుడే తెలిసేది.

అతను గోడ వెంట తీగను వేలితో తడుముతూ పోయాడు. అతుకు దగ్గర టేపు విప్పాడు. చూపుకు అతుకు అతుకులాగే ఉంది. పట్టుకుని మెలితిప్పితే రెండు తీగలూ దేనికది తిరుగుతున్నాయి. మధ్యలో పచ్చటి కిలుము పేరుకుని ఉంది. గోటితో గీకితే కిలుముతో పాటు బూడిదరంగు పొడి కూడా రాలింది. ఆ పొడి ఏమిటో అప్పుడు అతనికి తెలియలేదు. టేపు మంచిది కాదనుకున్నాడు. శంకరప్ప తిరిగి వచ్చాక, బల్బు హోల్డరు కాలిపోయిందనీ, హిందూపురం నుంచి తేవాలనీ, అందాకా ఆ బల్బు వేయొద్దనీ చెప్పాడు. కడ్డీని ఎందుకు దించావని శంకరప్ప అడగలేదు. లాంతరు వెలిగించమని హనుమమ్మకు చెప్పాడు.

ఇంట్లో తల్లి రుక్మిణమ్మ మగ్గం ముందు కూర్చుని పడుగు అతుకుతోంది. ఇంటిల్లిపాదీ చేసే పని అది. నేసిన పడుగు అయిపోయాక పాత పోగుల కొసలకు కొత్త పోగుల్ని ఒక్కొక్కటే కలిపి పురి పెడతారు. వేల పోగులు. ముడి వేస్తే మగ్గం అచ్చు పళ్ళ మధ్య ఇరుక్కుని తెగుతుంది కాబట్టి ముడి ఉండకూడదు. రుక్మిణమ్మ బొటనవేలూ చూపుడువేలూ కొబ్బరిచిప్పలో ముంచి, రెండు పోగుల్ని కలిపి ఒక్క తిప్పు తిప్పి వదులుతోంది. మళ్ళీ చిప్పలో వేళ్ళు. మళ్ళీ తిప్పు. చిప్పలో ఉన్నది జల్లించిన బూడిద. బూడిద లేకపోతే పట్టు చెమటకు జారుతుంది.

సంజీవప్ప గుంజకు ఆనుకుని నిలబడి ఆ వేళ్ళను చూశాడు. అతుకు వేసిన రోజు కొట్టంలో ఆవిరి. అరచేతుల నిండా చెమట. రాగి జారుతుంటే వంగి పొయ్యిలోంచి చిటికెడు బూడిద తీసుకున్నాడు. తీసుకుంటున్నానని కూడా అనుకోలేదు. తను పుట్టినప్పటి నుంచీ ఈ ఇంట్లో అతుకంటే బూడిదతోనే మొదలు.

"అమ్మా, రాగికి బూడిద పెడితే ఏమైతాది?"

"తోమేకి గదా పెట్టేది" అంది రుక్మిణమ్మ తల ఎత్తకుండా. "పొద్దున్నించి యాడ తిరిగొచ్చినావో, కాళ్ళు కడుక్కో పో."

అతను కాళ్ళు కడుక్కున్నాడు. చేతులు కూడా కడుక్కున్నాడు, రెండుసార్లు.

*

శుక్రవారం పొద్దున రైలెక్కి హిందూపురం పోయాడు. ఈశ్వరప్ప అంగట్లో నేల మీద కూర్చుని కాలిపోయిన మోటారు చుట్టలు పీకుతున్నాడు. సంజీవప్ప నిలబడే అంతా చెప్పాడు. బోల్టు మీద బొట్టు సంగతి, కడ్డీ సంగతి, బూడిద సంగతి. ఎక్కడా ఆగలేదు, గొంతు మారలేదు. వేరే ఎవరిదో సంగతి చెబుతున్నట్టు చెప్పాడు.

ఈశ్వరప్ప తిట్టలేదు. మోటారు పక్కకు పెట్టి, పంచెకు చేతులు తుడుచుకుని, మాటు వేసే కడ్డీ, సీసం ముక్క తీసి ఇచ్చాడు. బూడిద ఆవిరి చెమ్మను పీల్చి రాగికి కిలుము పట్టిస్తుందన్నాడు. ఆ అతుకు కోసేసి, కొత్తగా వేసి, సీసం కరిగించి మాటు వేయమన్నాడు. బల్బు తీగ మార్చమన్నాడు. పనిలో చేరిన మొదట్లో తనూ ఇంతకంటే పెద్ద తప్పు చేశానని చెప్పాడు. ఆ తప్పు ఏమిటో చెప్పలేదు.

"ఆ యమ్మ సంగతి?" అన్నాడు సంజీవప్ప.

"మాటు వేస్తే తీగ బాగైతాది. ఆ యమ్మ చెయ్యి నువ్వు చెప్తే బాగైతాదా?"

సంజీవప్ప సీసం ముక్కను సంచిలో వేసుకున్నాడు.

"శంకరప్ప నోరు ఊరంతా ఉండాదప్పా. రేపు మన గంట మాట ఎవురూ నమ్మరు. నీ కాగితం సొరుగులో ఉండాది. వచ్చే నెల సంతకం పెట్టల్ల నేను. ఆ పుట అట్లనే ఉండనీ."

అలాగే మేస్త్రీ అని సంజీవప్ప అన్నాడు. ఆ మాట అతని నోట్లోంచే వచ్చింది. టీ తాగాడు. మధ్యాహ్నం రైలుకు ధర్మవరం టికెట్టు తీసుకున్నాడు. కిటికీ పక్కన కూర్చుని, సంచి ఒళ్ళో పెట్టుకుని, దుమ్ము లేచిన చేలను చూస్తూ పోయాడు. పెనుకొండ స్టేషన్లో రైలు ఆగింది. కొండ మీద కోట గోడ ఎండకు తెల్లగా ఉంది. దిగాలని అతను అనుకోలేదు. రైలు కదిలేటప్పుడు చూసుకుంటే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు.

ఈరక్క ఎవరని అడిగితే వేరుశెనగ కొట్టం చూపించారు. రేకుల కింద పదిహేనుమంది ఆడవాళ్ళు గింజలు ఏరుతున్నారు. మంచివి చేటలో ఒక పక్కకు, పుచ్చులు ఇంకో పక్కకు. కుళ్ళాయమ్మ చివర కూర్చుని ఉంది. మిగిలినవాళ్ళు మాటల్లో పడి, చూడకుండానే ఏరుతున్నారు. ఆమె గింజ పట్టుకున్న ప్రతిసారీ చెయ్యి కళ్ళ ముందుకు తెచ్చుకుని, వేళ్ళ మధ్య గింజ ఉందో లేదో చూసి, అప్పుడు వేస్తోంది. ఆమె చేట ముందు కుప్ప అందరికంటే చిన్నది.

అతన్ని చూసి ఆశ్చర్యపోలేదు. కూర్చోమని కూడా అనలేదు. అతనే గొంతుక్కూర్చుని చెప్పాడు. ఈశ్వరప్పకు చెప్పినట్టే చెప్పాడు. కడ్డీ గురించి చెప్పినప్పుడు ఆమె ఏరడం ఆపింది. బూడిద గురించి చెప్పినప్పుడు మళ్ళీ మొదలుపెట్టింది.

"మీ అమ్మ బాగా అతుకుతాది" అంది. "నేను రంగేసిన పట్టు ఎన్నితూర్లు అతికిందో."

అతను తల వంచుకున్నాడు.

"కొట్టిందా అని అడిగితివి. తిమ్మిరి అంటి. తిమ్మిరి అంటే యెట్లుంటాది పెద్దమ్మా అని ఒక మాట అడిగుంటే చాలు గదా నాయనా. చెప్తిని గూడా నేను. నువ్వు రాసుకుంటా ఉంటివి."

"తప్పు నాదే పెద్దమ్మా."

"ఈడ చెప్తే నాకేమొస్తాది? ఈ శెనగ్గింజలు ఇంటాయి. నన్ను పొమ్మన్న చోట చెప్పు."

పక్కనున్న ఈరక్క, పోయినదాన్ని పోనీ, మళ్ళీ ఆ సావుకారి గడప ఎందుకు తొక్కుతావంది. కుళ్ళాయమ్మ చేటను అక్క వైపు తోసి లేచింది. నాలుగు మడతల తువ్వాలు ఇంకా ఆమె భుజం మీదే ఉంది. తర్వాతి రైలు వచ్చేదాకా ఇద్దరూ స్టేషన్లో ఒకే బెంచీకి చెరో కొసన కూర్చున్నారు. ఆ రాత్రికి ఆమె హనుమమ్మ ఇంట్లో పడుకుంది.

*

శనివారం పొద్దున కొట్టంలో పొయ్యి మండుతోంది. కడ్డీ పంగల మీద ఉంది. శంకరప్ప కుళ్ళాయమ్మను చూసి, ఏదో మిగిలిపోయిన వస్తువు కోసం వచ్చిందనుకుని పలకరించలేదు. సంజీవప్ప గోడ దగ్గర నిలబడి, అమావాస్య నాడు తను చెప్పింది తప్పని చెప్పాడు. తీగ తెగి ఉందన్నాడు. తెగింది తన అతుకు దగ్గరేనన్నాడు. ఈ చట్రంలో ఆ రోజు నాటికే కరెంటు ఉందన్నాడు.

ఆ యమ్మ నీ కాళ్ళ మీద పడిందా అని శంకరప్ప అడిగాడు. మొన్న గంట మోగితే లేదంటివి, ఈ పొద్దు గంట లేకుండానే ఉందంటివి, ఏది నమ్మాలన్నాడు. మాట్లాడుతూనే మెయిన్ దగ్గరికి పోయి స్విచ్చి వేశాడు. బల్బు రెండుసార్లు కొట్టుకుని వెలిగింది.

"యాడుంది, చూద్దాం" అని కొళాయి గొట్టం పట్టుకుని, రెండో చెయ్యి చట్రం మీద వేశాడు.

వద్దని చెప్పడానికి సంజీవప్పకు సమయం ఉంది. చెప్పలేదు.

శంకరప్ప అలాగే నిలబడ్డాడు. ముఖంలో ముందు ఏమీ మారలేదు. తర్వాత కనుబొమలు కొద్దిగా దగ్గరికి వచ్చాయి, ఎవరో దూరం నుంచి పిలిస్తే వింటున్నట్టు. చెయ్యి వెంటనే రాలేదు. హనుమమ్మ పోయి మెయిన్ ఆపింది. ఆయన చెయ్యి తీసుకుని అరచెయ్యి తిప్పి చూసుకున్నాడు.

"కొట్టిందా సావుకారీ?" అని అడిగింది కుళ్ళాయమ్మ.

"కొట్టలే" అన్నాడు ఆయన. చేతిని పంచెకు రాసుకున్నాడు. ఇంకోసారి రాసుకున్నాడు. "తిమ్మిరి మాదిరి ఉండాది."

కొప్పెరలో నీళ్ళు మరుగుతున్నాయి. శంకరప్ప వాకిట్లోకి పోయి తన చోట్లో కూర్చున్నాడు. తమలపాకు తీసుకుని, సున్నం రాయకుండా ఒళ్ళో పెట్టుకున్నాడు. చాలాసేపటికి సంజీవప్పతో, రేపట్నించి ఆ యమ్మను రమ్మను, ఇద్దరూ చేసుకుంటారు అన్నాడు. కుళ్ళాయమ్మ ఆయనకు మూడు బారల దూరంలో ఉంది.

సంజీవప్ప చేతులు సీకాయతో కడుక్కుని, పొడిగుడ్డతో తుడుచుకుని, ఆరేదాకా కూర్చున్నాడు. పాత అతుకు రెండు వైపులా కోసేశాడు. కొత్త తీగ తీసి గీకుడు కాగితంతో ఎర్రగా మెరిసేదాకా గీకాడు. చెమట పట్టినప్పుడల్లా ఆగి చేతులు తుడుచుకున్నాడు. రెండు చోట్ల పురి పెట్టి, మేస్త్రీ ఇచ్చిన కడ్డీని పొయ్యిలో కాల్చి సీసం కరిగించి మాటు వేశాడు. బల్బు తీగ మార్చాడు. గొట్టం దగ్గర పట్టీ విప్పి కట్టు తీగ కొసను బయటికి తీశాడు. స్పానరు పెట్టినప్పుడు శంకరప్ప వాకిట్లోంచి చూసి, తల తిప్పుకున్నాడు.

గంట పెట్టె తీగల్లో ఒకదాన్ని తను విప్పిన కొసకు చుట్టాడు. రెండోదాన్ని చట్రానికి ఒత్తి పట్టుకోవడానికి మనిషి కావాలి. హనుమమ్మ చేతులు తడిగా ఉన్నాయి. కుళ్ళాయమ్మ వచ్చి కూర్చుంది. రాగి కొసను కుడిచేతి వేళ్ళ మధ్య పెట్టుకుని, చట్రం కాలికి ఆనించి ఒత్తింది.

గంట మోగింది.

సంజీవప్ప పుస్తకం తెరిచాడు. అమావాస్య నాటి పుటలో 'షాకు లేదు' అన్నదాన్ని ఒక్క గీతతో కొట్టేసి, పక్కన 'తిమ్మిరి ఉంది' అని రాశాడు. నాలుగో గడిలో 'మోగింది' అన్నదాని కింద, 'కడ్డీ వల్ల' అని రాశాడు. నెలాఖరుకు ఈ పుస్తకం ఈశ్వరప్ప ముందుకు పోతుంది. ఈ పుట చూశాక సొరుగులో కాగితం బయటికి వస్తుందో రాదో. ఆ ఆలోచన వచ్చింది, పోయింది. అతను కొత్త పుట తిప్పి ఊరి పేరూ తేదీ వేశాడు. గంట ఇంకా మోగుతూనే ఉంది.

"చాలు పెద్దమ్మా, ఇంగ వదిలెయ్."

కుళ్ళాయమ్మ తల ఎత్తి అతన్ని చూసింది.

"వదల్లేదా నేను?" అంది.

గోళ్ళు తెల్లబడేలా ఒత్తి పట్టుకుని ఉంది. తన చేతిని చూసుకుని, "నాకి తెలీడంల్యా. గంట మోగుతాందంటే పట్టుకోనే ఉంటా" అంది.

సంజీవప్ప పుస్తకం కింద పెట్టి వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. రంగు ఇంకిన ఆ వేళ్ళను ఒక్కొక్కటే విప్పాడు. మూడో వేలు విప్పినప్పుడు గంట ఆగింది.